పసరు చాలదు, పరీక్ష కావాలి

ప్రతి సంవత్సరం జూలై 28వ తేదీని ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తున్నారు. ఆనాడు ఆసుపత్రుల గోడలకు నాలుగు కాగితాలు అంటించడం, ఒక సభ జరిపి ఉపన్యాసాలు ఇప్పించడం, మరునాటికి అంతా మరచిపోవడం ఆనవాయితీ అయింది. జీతభత్యాలు, కరువు భత్యం, బోనసు, పింఛను గురించి రాయవలసిన యీ పుటలో ఒక రోగాన్ని గురించి సంపాదకీయం ఏమిటని కొందరు సోదరులకు తోచవచ్చు. కార్మికుని ఆయుష్షును తినివేసే రోగం కార్మిక సంఘం పట్టించుకోవలసిన విషయమేనని మా నిశ్చితాభిప్రాయం. అందులోనూ చికిత్స వుండి, మందు వుండి, కేవలం పరీక్ష జరగని కారణంగా మనవాళ్ళు మరణిస్తూ వుంటే మౌనంగా వుండడం సంఘానికి తగని పని.

మా యెరుకలో జరిగిన ఒక ఉదంతాన్ని ముందుగా సభ్యుల దృష్టికి తేదలచాము. ఒక కీమ్యాన్ 1990 దశకంలో విధి నిర్వహణలో వుండగా ప్రమాదానికి గురయ్యాడు. తొడ ఎముక విరిగి, రక్తం విపరీతంగా పోయింది. ఆసుపత్రిలో నాలుగు సీసాల రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టారు. తేలిక పని ఇప్పించుకొని, సంఘ సభ్యత్వం మానక, ఇరవై యేళ్ళు ఉద్యోగం చేశాడు. ఆ తరువాత నీరసం మొదలయింది. ఆకలి పోయింది. కళ్ళు పచ్చబడితే కామెర్లన్నారు. సెలవు పెట్టి సొంత వూరు వెళ్ళి మూడుమార్లు పసరు పోయించుకున్నాడు. మణికట్టు మీద వాత కూడా వేయించుకున్నాడు. చివరకు పొట్టలో నీరు చేరిన తరువాత ఒక వైద్యుడు రక్తపరీక్ష రాయగా హెపటైటిస్ సి వైరస్ బయటపడింది. అప్పటికి కాలేయం చాలా భాగం గట్టిపడిపోయింది. పదవీ విరమణకు ఒక సంవత్సరం ముందు ఆయన కన్నుమూశాడు. ఆ రోగాన్ని పన్నెండు వారాల్లో నయం చేసే మాత్రలు అప్పటికే మన దేశపు మందుల దుకాణాల్లో దొరుకుతున్నాయి. నీరసమని, అరుగుదల లేదని ఆయన ఎన్నోసార్లు వైద్యుల ముందు నిలబడ్డాడు. “నీకెప్పుడైనా రక్తం ఎక్కించారా?” అని ఒక్కరూ అడగలేదు.

ఈ ఒక్క ప్రశ్న, దాని వెంట ఒక్క సూదిమొన రక్తం, ఆయన ప్రాణాన్ని కాపాడి వుండేవి.

ఒక పేరు, ఐదు రోగాలు

కామెర్లు అనేది ఒక రోగం పేరు కాదు. అది కాలేయం దెబ్బతిన్నదని తెలిపే ఒక గుర్తు. సిగ్నల్ ఎర్రగా వెలిగితే లైను మీద ఏదో వున్నదని తెలుస్తుంది గాని, ఏమున్నదో సిగ్నల్ చెప్పదు. ఎదర గూడ్సు బండి నిలిచి వుండవచ్చు, పట్టా విరిగి వుండవచ్చు. వెళ్ళి చూడవలసిందే. కామెర్ల సంగతి కూడా అంతే. కాలేయాన్ని ప్రధానంగా పట్టే వైరస్‌లు ఐదు వున్నాయని వైద్యశాస్త్రం తేల్చింది. వాటికి ఎ, బి, సి, డి, ఇ అని అక్షరాలు పేర్లయినాయి. ఎ, ఇ రకాలు ప్రధానంగా కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి, డి రకాలు రక్తం ద్వారా వస్తాయి. బి రకం తల్లి నుండి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా కూడా సోకుతుంది. డి రకం ఒంటరిగా నిలవలేదు. బి వున్నచోటనే అది వుంటుంది.

ఇక్కడనే పసరు మందు రహస్యం వున్నది. ఎ, ఇ రకాల కామెర్లు ఎక్కువ మందిలో కొన్ని వారాలకు తమంతట తామే తగ్గిపోతాయి. తగ్గే రోజుల్లో పసరు పోసినవాడికి పేరు వస్తుంది. సి రకం సోకినవారిలో మొదట కామెర్లు రావడమే అరుదు. వచ్చినా పోతాయి, వైరస్ మాత్రం పోదు. ఇరవై, ముప్పై యేళ్ళు లోపల కూర్చుని కాలేయాన్ని కొంచెం కొంచెంగా గట్టిపరుస్తుంది. కొందరిలో అది పుట్టకురుపుగా మారుతుంది. పసరు తాగి తగ్గిందనుకున్న మనిషి ఇరవై యేళ్ళ తరువాత పొట్ట ఉబ్బి ఆసుపత్రికి వస్తే, అప్పుడు పసరు పోసినవాడిని తప్పుపట్టేవారు వుండరు.

మేము నాటు వైద్యాన్ని వెక్కిరించడానికి యీ మాట అనడం లేదు. మన పల్లెల్లో కామెర్లకు వాడే నేల ఉసిరిని శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూడలేదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బరూచ్ బ్లంబర్గ్ స్వయంగా తన సహచరులతో కలిసి ఆ మొక్క సారాన్ని పరీక్షించి 1987లో ఫలితాలు ప్రచురించాడు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వున్నవారి మీద దానిని ప్రయోగించి ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. ఆ తరువాత ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితాలు నిలబడలేదు. శాస్త్రం నడిచే తీరు ఇదే. నమ్మకాన్ని కొట్టివేయకుండా పరీక్షకు పెడుతుంది. పరీక్షలో నిలిచినదానిని స్వీకరిస్తుంది. నిలవనిదానిని, అది ఎంత ప్రియమైనదైనా సరే, విడిచిపెడుతుంది.

నీటిలో వచ్చిన ఉపద్రవం

1955 డిసెంబరులో, 1956 జనవరిలో ఢిల్లీ నగరంలో కామెర్లు పెచ్చుపెరిగాయి. నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు వెనక్కు తన్ని వజీరాబాద్ వద్ద యమునా నదిలో మంచినీరు తోడే చోటుకు చేరింది. సుమారు 29,000 మందికి కామెర్లు సోకాయి. దేశ రాజధానిలోనే త్రాగునీటికి భద్రత లేకపోయింది. ఆనాటి వైద్యులు దానిని సాధారణంగా నీటి ద్వారా వచ్చే కామెర్లేననుకున్నారు. అప్పటి రోగుల రక్తపు నమూనాలను భద్రపరచి వుంచారు. పాతికేళ్ళ తరువాత, 1980 ప్రాంతంలో, వాటిని పరీక్షించగా అది ఎ రకం కాదని తేలింది. కాశ్మీరులో 1978లో వచ్చిన పెద్ద ఉపద్రవాన్ని గమనించిన డాక్టరు ఖురూ కూడా ఇది వేరొక వైరస్ అయివుండాలని 1980లో రాశాడు. ఆ రోగంలో గర్భిణీ స్త్రీలు ఎక్కువగా మరణించడం ఆయనను కలవరపెట్టింది.

ఆ వైరస్‌ను కంటితో చూపిన ఘనత సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ బలయాన్‌ది. ఆఫ్ఘనిస్తానులో వున్న సోవియట్ సైనికుల్లో కామెర్లు వ్యాపించినప్పుడు, రోగుల మలం నుండి తీసిన సారాన్ని ఆయన తానే త్రాగాడు. రోగం తెచ్చుకున్నాడు. తన మలంలోనే వైరస్ కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద చూపి 1983లో ప్రచురించాడు. నేటి నియమాలు అటువంటి ప్రయోగాన్ని అనుమతించవు, అనుమతించకూడదు కూడా. ఏ కంపెనీ వాటాల ధర పెంచడానికీ ఆయన ఆ పని చేయలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది.

రైల్వే కాలనీల్లో మంచినీటి గొట్టం మురుగు కాలువలో నుండి పోవడం మన సభ్యులకు కొత్త దృశ్యం కాదు. గొట్టం పగిలితే గోనెపట్టా చుట్టి కాలం గడపడం కూడా కొత్త కాదు. ఢిల్లీ అనుభవం చెబుతున్నదేమంటే, హెపటైటిస్ ఇ రకానికి మొదటి మందు ప్లంబరు చేతిలో వున్నది.

రక్తంలో దాగిన శత్రువు

రక్తం ద్వారా వచ్చే రకాల కథ వేరు. బ్లంబర్గ్ 1960 దశకంలో రోగాల కోసం వెతకలేదు. మనుష్యుల రక్తంలో జాతికొక విధంగా వుండే తేడాలను పరిశీలిస్తున్నాడు. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక న్యూయార్కు రోగి రక్తం, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంతో కలిసినప్పుడు ఒక గీత ఏర్పడింది. ఆ గీతకు కారణమైన పదార్థం హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తరువాతి సంవత్సరాల్లో తెలిసింది. దాని నుండి రక్తపరీక్ష వచ్చింది, టీకా వచ్చింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. జూలై 28 ఆయన జన్మదినం.

బి రకానికి పరీక్ష వచ్చింది. 1973లో ఎ రకం వైరస్‌ను కూడా గుర్తించారు. అయినప్పటికీ రక్తం ఎక్కించుకున్నవారికి కామెర్లు వస్తూనే వున్నాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో పనిచేసే హార్వే ఆల్టర్ ఆ రోగుల రక్తాన్ని యేళ్ళ తరబడి జాగ్రత్త చేశాడు. వాటిలో ఎక్కువ భాగం ఎ కాదు, బి కాదు అని 1970 దశకం మధ్యలో ఆయన, ఆయన సహచరులు తేల్చారు. శత్రువు వున్నాడని తెలిసింది. పేరు తెలియదు, రూపం తెలియదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి చిక్కదు, గాజు గొట్టాల్లో పెరగదు. చిరాన్ అనే సంస్థలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జి కువో ఆరేడు యేళ్ళు శ్రమించి, వైరస్‌ను చూడకుండానే దాని జన్యుపదార్థపు ముక్కను పట్టుకొని 1989లో ప్రకటించారు. దాని పేరు హెపటైటిస్ సి. ఆ ఒక్క వైరస్సే రోగానికి చాలునని 1997లో చార్లెస్ రైస్ రుజువు చేశాడు. 2020లో ఆల్టర్, హౌటన్, రైస్‌లకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ సందర్భంగా ఒక విషయం చెప్పుకోవాలి. 2013లో హౌటన్‌కు కెనడా దేశపు గైర్డ్‌నర్ బహుమతి ప్రకటించారు. తనతో సమానంగా శ్రమించిన చూ, కువోల పేర్లు చేర్చనందుకు ఆయన లక్ష డాలర్ల ఆ బహుమతిని నిరాకరించాడు. సమష్టి శ్రమ ఫలితాన్ని ఒక్కరి పేర రాసుకోవడం న్యాయం కాదని ఒక శాస్త్రజ్ఞుడు ప్రపంచం ముందు నిలబడి చెప్పాడు. కార్మిక సంఘంలో పెరిగిన మనకు యీ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1989లో వైరస్ దొరకగానే సంపన్న దేశాలు ఒకటి, రెండు సంవత్సరాల్లోనే దాతల రక్తానికి పరీక్ష ప్రారంభించాయి. మన దేశంలో అది తప్పనిసరి కావడానికి యీ శతాబ్దపు మొదటి సంవత్సరాల దాకా పట్టింది. ఆ పదేళ్ళ పైబడిన కాలంలో మన ఆసుపత్రుల్లో ఎక్కించిన రక్తంలో ఏ సీసాలో ఆ వైరస్ వున్నదో ఎవరూ చూడలేదు. ప్రమాదాల్లో గాయపడిన గ్యాంగ్‌మ్యాన్లు, షంటింగు సిబ్బంది, వర్క్‌షాపు కార్మికులు, కాన్పు కష్టమైన మన ఇళ్ళ ఆడవాళ్ళు ఆ రక్తమే ఎక్కించుకున్నారు. వారిలో చాలామంది నేడు పదవీ విరమణ దగ్గరపడ్డవారు, పింఛనుదార్లు. వారిని ఎవరూ పిలిచి పరీక్ష చేయలేదు. మేము పైన చెప్పిన కీమ్యాన్ వారిలో ఒకడు.

మాత్ర ధర, మనిషి ధర

పరీక్ష వచ్చిన తరువాత కూడా చికిత్స చాలాకాలం కష్టంగానే వుండినది. ఇంటర్‌ఫెరాన్ సూదులు ఆరు నెలలు, సంవత్సరం వేయించుకోవాలి. జ్వరం, ఒళ్ళు నొప్పులు, మనోవ్యాకులత రోగిని పీడించేవి. అన్నీ ఓర్చుకున్నా నయమయ్యేవారు సగం మందే. 2013 డిసెంబరులో సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి లభించింది. వైరస్ తన జన్యుపదార్థాన్ని ముక్క తరువాత ముక్కగా అతుక్కుంటూ నకలు తీసుకుంటుంది. ఆ ముక్కల మధ్య యీ మందు ఒక నకిలీ ముక్కను చొప్పిస్తుంది. ఆపైన అతుకు పడదు. నకలు అంతటితో ఆగిపోతుంది. డక్లాటాస్‌విర్ వంటి మరొక మాత్రతో కలిపి సాధారణంగా పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి తొంభై అయిదుగురికి పైగా పూర్తిగా నయమవుతున్నది. దీర్ఘకాలం శరీరంలో తిష్ఠవేసిన ఒక వైరస్‌ను మందులతో సమూలంగా తొలగించడం వైద్యచరిత్రలో అపూర్వమైన విజయం.

ఈ విజయానికి కంపెనీ కట్టిన ధర ఎంత? అమెరికాలో ఒక్క మాత్రకు 1,000 డాలర్లు. పన్నెండు వారాలకు 84,000 డాలర్లు. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముడిసరుకుల ఖర్చు లెక్కగట్టి, ఆ పన్నెండు వారాల మందును 68 నుండి 136 డాలర్లకు తయారుచేయవచ్చునని 2014లో చూపారు. మిగిలిన సొమ్ము మందుకు ధర కాదు, ప్రాణభయానికి కట్టిన పన్ను. రోగుల రక్తాన్ని యేళ్ళ తరబడి భద్రపరచినది ప్రభుత్వ సంస్థ. మూల పరిశోధనల్లో అధిక భాగం నడిచినది ప్రజాధనంతో. లాభం మాత్రం వాటాదార్లది.

భారతదేశంలో పరిస్థితి కొంత భిన్నంగా వుండడానికి కారణం 1970 నాటి పేటెంటు చట్టం. 1972లో అమలులోకి వచ్చిన ఆ చట్టం మందు మీద పేటెంటును అనుమతించలేదు. తయారీ పద్ధతి మీద మాత్రమే అనుమతించింది. ఆ నీడలోనే మన మందుల పరిశ్రమ పెరిగింది. సోవియట్ సహకారంతో హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ కర్మాగారం ఎందరో రసాయన శాస్త్రజ్ఞులకు, సాంకేతిక నిపుణులకు పాఠశాల అయింది. నేడు హైదరాబాదు చుట్టూ కనిపించే ప్రైవేటు మందుల పరిశ్రమకు పునాది అక్కడ పడినదే. ఆ ప్రభుత్వ కర్మాగారం మూతపడి చాలా యేళ్ళయింది. పిల్లలు ఎదిగి మేడలు కట్టుకున్నారు. తల్లిని వీధిలో వదిలారు.

2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒత్తిడికి లొంగి మన చట్టాన్ని సవరించారు. మందుల మీద పేటెంటు తిరిగి వచ్చింది. వామపక్షాలు, ఆరోగ్య ఉద్యమాలు, కార్మిక సంఘాలు జరిపిన ఆందోళన ఫలితంగా కొన్ని రక్షణలు మాత్రం మిగిలాయి. పాత మందుకు కొత్త చొక్కా తొడిగి పేటెంటు కోరడాన్ని నిలువరించే 3(డి) విభాగం వాటిలో ముఖ్యమైనది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కేసులో దానిని నిలబెట్టింది. సోఫోస్‌బువిర్ పేటెంటు దరఖాస్తును రోగుల తరఫు సంస్థలు, హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ వ్యతిరేకించాయి. ఈ వాతావరణంలో 2014 సెప్టెంబరులో అమెరికా కంపెనీ యేడు భారతీయ సంస్థలకు తయారీ అనుమతి ఇవ్వవలసి వచ్చింది. 2015 జనవరిలో పేటెంటు కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. ఢిల్లీ హైకోర్టు పునర్విచారణకు పంపగా, 2016 మేలో పేటెంటు మంజూరయింది. అయినా అప్పటికి మందు మన దేశంలో తయారై ధర పడిపోయింది. అమెరికాలో ఒక్క మాత్ర ధరకు దాదాపు మొత్తం చికిత్సకు సరిపోయే మాత్రలు 2015లోనే ఇక్కడ దొరికాయి. తరువాత ధర ఇంకా తగ్గింది.

హెపటైటిస్ బి టీకా విషయంలోనూ ఇదే జరిగింది. విదేశీ టీకా ఒక్క మోతాదు వందల రూపాయలుండగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సి.సి.ఎం.బి. వంటి ప్రభుత్వ ప్రయోగశాలల ఆసరాతో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో స్వదేశీ టీకా తయారుచేసి ధరను నేలకు దింపింది. 2009లో ఆ సంస్థ కూడా ఒక ఫ్రెంచి బహుళజాతి సంస్థ చేతికి పోయింది. ప్రజాసంస్థల వేళ్ళ మీద పెరిగిన చెట్టు పండ్లు ఎవరి బుట్టలో పడుతున్నాయో ఆలోచించవలసి వున్నది.

మందు వున్నది, మనిషి ఏడి?

2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని క్రింద గుర్తించిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో బి, సి రకాలకు పరీక్షలు, మందులు ఉచితం. ఇది మంచి నిర్ణయం; మంచిని మంచి అనడానికి మేము వెనుకాడము. అంతకుముందు 2016లో పంజాబు రాష్ట్రం జిల్లా ఆసుపత్రుల ద్వారా సి రకానికి ఉచిత చికిత్స ఇచ్చి, చికిత్స పూర్తిచేసిన వారిలో నూటికి తొంభై మందికి పైగా నయం చేయవచ్చునని రుజువు చేసింది.

అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన అంచనాలు చూడండి. 2022లో మన దేశంలో హెపటైటిస్ బి వున్నవారు 2.98 కోట్లు, సి వున్నవారు 55 లక్షలు. ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క సంవత్సరం యీ రోగాల వల్ల 13 లక్షల మంది మరణించారు. అంటే రోజుకు మూడున్నర వేల మంది. ప్రపంచంలో బి రకం వున్నవారిలో నూటికి పదముగ్గురికే ఆ సంగతి తెలుసు; ముగ్గురికే చికిత్స అందింది. సి రకం వున్నవారిలో నూటికి ముప్పై ఆరుగురికే తెలుసు. ఇరవై మందికే చికిత్స అందింది. మందు లేక పోతున్న ప్రాణాలు కావివి. రోగం వున్నదని తెలియక పోతున్న ప్రాణాలు.

ఈజిప్టు దేశం చూపిన మార్గం గమనించదగినది. నత్తల ద్వారా వచ్చే ఒక జబ్బుకు సరిగా శుభ్రపరచని సూదులతో ఇంజెక్షన్లు ఇచ్చిన కారణంగా అక్కడ సి రకం దేశమంతా పాకింది. రోగం తెచ్చినది ప్రభుత్వ కార్యక్రమమే. పరిహారంగా ఆ ప్రభుత్వమే 2018, 2019 సంవత్సరాల్లో సుమారు ఐదు కోట్ల మందికి రక్తపరీక్ష జరిపి, రోగం బయటపడినవారికి స్వదేశంలో తయారైన మందు ఉచితంగా ఇచ్చింది. 2023లో సి రకం నిర్మూలన దిశలో ముందంజకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటి దేశం అదే. ఐదు కోట్ల మందికి పరీక్ష సాధ్యమైనప్పుడు, సంవత్సరమంతా మన సేవా పుస్తకాలు, వైద్య పత్రాలు తన బీరువాల్లో పెట్టుకున్న యాజమాన్యానికి మన పరీక్ష ఎందుకు సాధ్యం కాదు?

పరీక్ష పెద్ద తంతు కాదు. వేలి మొన నుండి తీసిన రక్తపు చుక్కతో పావుగంటలో మొదటి ఫలితం తెలుస్తుంది. సి రకంలో ఆ ఫలితం, వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే చెబుతుంది. కొందరిలో అది దానంతట పోయి వుంటుంది. అందువల్ల వైరస్ ఇంకా వున్నదా అని తేల్చే రెండవ పరీక్ష తప్పనిసరి. మొదటి పరీక్ష చూసి భయపడి కూర్చోరాదు. రెండవ పరీక్ష చేయకుండా ఇంటికి పంపనూరాదు. బి రకాన్ని పూర్తిగా తొలగించే మందు ఇంకా రాలేదు. అయితే అవసరమైనవారు రోజుకొక మాత్రతో దానిని అదుపులో వుంచుకోవచ్చు. కుటుంబ సభ్యులను టీకాతో కాపాడుకోవచ్చు. పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లో టీకా వేయించడం అన్నిటికన్న ముఖ్యం.

భయం కూడా ఒక రోగమే

పరీక్షకు మన సభ్యులే జంకుతారని మాకు తెలుసు. రోగం బయటపడితే రన్నింగు ఉద్యోగం పోతుందేమో, మైలేజీ భత్యం పోతుందేమో, వైద్య తరగతి తగ్గించి మూల కూర్చోబెడతారేమో అన్న భయం లోకో పైలట్లలో, గార్డుల్లో వున్నది. రన్నింగు రూములో పళ్ళెం వేరు చేస్తారేమో, ఆర్.ఎం.ఎస్. సెక్షనులో ప్రక్కన నిలబడరేమో అన్న బాధ మరొకటి. బి, సి వైరస్‌లు చేయి కలిపితే రావు. ఒకే పాత్రలో తింటే రావు, ఒకే సంచి మోస్తే రావు. కనుక తోటివాడిని వెలివేయడం అజ్ఞానం. యాజమాన్యం అతనిని శిక్షించడం అన్యాయం. భద్రత లేని పరీక్షను ఎవరూ కోరుకోరు. అందుకే పరీక్షను, ఉద్యోగ రక్షణను విడదీయకుండా ఒకే కోర్కెగా ముందుకు తేవలసి వున్నది.

2020లో కోవిడ్ విజృంభించినప్పుడు వైద్య పరిశోధనా మండలి వారి పరీక్షా సామగ్రిని దేశం నలుమూలల ప్రయోగశాలలకు చేర్చినది తపాలా ఉద్యోగులు. ఐదు వేలకు పైగా బోగీలను రోగుల కోసం వార్డులుగా మార్చినది రైల్వే వర్క్‌షాపుల కార్మికులు. ఇతరులకు పరీక్ష మోసుకుపోయిన చేతులకు తమ రక్తం పరీక్షించమని అడిగే అర్హత వున్నది.

కావున యీ క్రింది కోర్కెలను యాజమాన్యాల ముందు, ప్రభుత్వం ముందు వుంచవలసిందిగా సంఘాలన్నిటికీ సూచిస్తున్నాము:

1. నిర్ణీతకాల వైద్య పరీక్షలతో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలను ఉద్యోగి అంగీకారంతో ఉచితంగా జరపాలి. ఫలితం రహస్యంగా వుంచాలి.

2. 2002కు పూర్వం రక్తం ఎక్కించుకున్న ఉద్యోగులను, పింఛనుదార్లను, వారి కుటుంబ సభ్యులను లేఖ రాసి పిలిపించి పరీక్షించాలి. విధి నిర్వహణలో గాయపడి రక్తం ఎక్కించుకున్నవారిలో రోగం బయటపడితే దానిని ఆ గాయంలో భాగంగానే గుర్తించాలి.

3. కేవలం వైరస్ వున్నదన్న కారణంతో వైద్య తరగతి తగ్గించడం, బదిలీ చేయడం, పదోన్నతి ఆపడం నిషేధించాలి. చికిత్స కాలానికి ప్రత్యేక సెలవు ఇవ్వాలి.

4. ఆసుపత్రి సిబ్బందికి, పారిశుధ్య సిబ్బందికి, ప్రమాద సహాయక బండి సిబ్బందికి, పట్టాల మీద పడిన క్షతగాత్రులను చేతులతో ఎత్తే వారందరికీ హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు ఇవ్వాలి.

5. గ్రామీణ డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు ఇవన్నీ సమానంగా వర్తించాలి. వైరస్ పర్మినెంటు, టెంపరరీ తేడా చూడదు.

6. కాలనీల మంచినీటిని క్రమం తప్పక పరీక్షించి ఫలితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి.

7. పేటెంటు చట్టంలోని ప్రజారక్షణలను ఏ వాణిజ్య ఒప్పందంలోనూ సడలించరాదు. మందుల తయారీలో ప్రభుత్వ రంగాన్ని పునరుద్ధరించాలి. వైరస్ పరిశోధనకు నిధులు పెంచాలి.

కోర్కెల పత్రం ఇచ్చి ఊరుకుంటే చాలదు. ప్రతి శాఖ ఒక సాయంత్రం సమావేశం జరిపి, వైద్యుని పిలిచి, యీ విషయాలు చెప్పించాలి. ప్రతి గ్యాంగులో, ప్రతి తపాలా కార్యాలయంలో “మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని పూర్వం రక్తం ఎక్కించారా?” అని అడిగి, అవునన్నవారిని సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్ళాలి. ఉచిత పరీక్ష నేడే అక్కడ వున్నది. ఏ ఉత్తర్వు కోసమూ ఆగనక్కరలేదు. జాబితాలు, పేర్లు బయటకు పొక్కకుండా చూడడం శాఖా కార్యదర్శి బాధ్యత.

ఆ కీమ్యాన్ అంత్యక్రియలకు మేము వెళ్ళాము. సంఘం జెండా కప్పాము, రెండు మాటలు మాట్లాడాము. ఆ మాటలు ఇరవై యేళ్ళలో ఏనాడైనా ఒక ప్రశ్న రూపంలో ఆయనను అడిగి వుంటే జెండా కప్పవలసిన అవసరం వుండేది కాదు. వైద్యులు అడగలేదని పైన రాశాము. సంఘంలో వున్న మేమూ అడగలేదు. ఆ లోపాన్ని ఒప్పుకుంటున్నాము. ఇక ముందు అడుగుదాము.